నీళ్లతో రాసిన పెసరట్టు

బందరు చేరి ఎనిమిది రోజులైంది. సూట్‌కేసులో సగం సామాను ఇంకా అలాగే ఉంది. చైనాలో తియాన్‌జిన్ అనే ఊళ్లో రెండేళ్లు హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషులో లెక్కలు చెప్పి వచ్చాను. రెండేళ్లలో ఊరేం చూశావంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఇల్లు, మెట్రో, బడి, కూరల మార్కెట్టు, మళ్లీ ఇల్లు. పరీక్షలైపోయి, పేపర్లు దిద్దేసి, ఇల్లు ఖాళీ చేసేలోపు ఒక వారం చేతిలో మిగిలింది. మర్చిపోకముందే ఆ వారం సంగతులు రాసి పెట్టుకుంటున్నాను.

ముందు ఒక మాట. కొత్త క్లాసుకి మొదటి రోజు వెళ్లినప్పుడు పిల్లలకు చిన్న కాగితాలిచ్చి పేరు, ఇష్టమైన తిండి, హాబీ రాయమనేదాన్ని. ఇరవై ఎనిమిది మందిలో పదకొండు మంది హాబీ అన్నచోట ‘నిద్ర’ అని రాశారు. వెటకారం అనుకున్నాను. రాత్రి తొమ్మిదిన్నర దాకా బడిలోనే కూర్చుని చదువుకుంటారని తెలిశాక కాదనిపించింది. మన కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లు గుర్తొచ్చాయి. అదే బడి గోడ అవతలి పార్కులో మాత్రం వాళ్ల తాతలు, నాయనమ్మలు పాడుతూ, ఆడుతూ, గాలిపటాలెగరేస్తూ కనిపించేవాళ్లు. ఆ వారం నేను తిరిగిందంతా ఆ గోడ అవతలే.

జులై 5: గుడ్డు పట్టుకుని క్యూలో

మా అపార్టుమెంటు గేటు పక్కన పొద్దున్నే ఆరింటికి ఒక అట్లబండి వస్తుంది. క్యూలో నా ముందున్న పెద్దాయన చేతిలో ఒక కోడిగుడ్డు. ఆయన ముందున్నావిడ సంచిలో రెండు. మొదటి ఏడాది రోజూ ఇది చూస్తూ కూడా, వీళ్లంతా ఎక్కడో గుడ్లు కొనుక్కుని ఇటు వస్తున్నారనుకునేదాన్ని. అసలు సంగతేమిటంటే ఆ ఊరివాళ్లు గుడ్డు ఇంటి నుంచి తెచ్చుకుంటారు. బండివాడికిస్తే అట్టు మీద కొట్టి, బిల్లులో ఒక యువాన్ తగ్గిస్తాడు. యువానంటే మన పన్నెండు రూపాయలు. ఆ పన్నెండు రూపాయల కోసమేనా అని మా పక్కింటావిడని అడిగితే, “వాడి గుడ్డు ఎప్పటిదో ఎవడికి తెలుసు” అంది. ఇన్నాళ్లకి నేనూ ఫ్రిజ్‌లోంచి ఒక గుడ్డు తీసుకుని బయల్దేరాను. గుడికి కొబ్బరికాయ పట్టుకెళ్తున్నట్టు జాగ్రత్తగా మెట్లు దిగాను.

దాని పేరు జియెన్‌బింగ్ గ్వోజ. పుట్టిల్లు తియాన్‌జినే. పిండి పెసరపిండి! మొదటిసారి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు ‘ఇది మాది కదా’ అనుకున్నాను. గుండ్రటి పెద్ద పెనం మీద పిండి పోసి, చిన్న చెక్కపలక ఒక్కసారి గుండ్రంగా తిప్పితే కాగితమంత పల్చగా పరుచుకుంటుంది. మా అమ్మ గరిటె అడుగుతో తిప్పినట్టే, కాకపోతే అట్టు మూడింతలు పెద్దది. పైన గుడ్డు కొట్టి, ఉల్లికాడలు, నువ్వులు చల్లి, తిరగేసి, తియ్యటి పేస్టు ఒకటి, పులియబెట్టిన సోయా పనీర్ పేస్టు ఒకటి రాస్తాడు. అప్పుడు తలెత్తి “గ్వోజా? గ్వోబీయా?” అని అడుగుతాడు. గ్వోజ అంటే నూనెలో వేయించిన పొడుగాటి మైదా కర్ర. గ్వోబీ అంటే అప్పడంలాగా కరకరలాడే పలక. రెంట్లో ఒకటి మధ్యలో పెట్టి మడుస్తాడు. ఇంకేమీ పెట్టకూడదు. వేరే ఊళ్లల్లో సాసేజీ, లెట్యూస్ ఆకు కూడా పెడతారని చెప్తే ఆ క్యూలో ఉన్నవాళ్లు బొందిలో ప్రాణం పోయినట్టు చూస్తారు. 2018లో అక్కడి హోటళ్లవాళ్ల సంఘం ఈ అట్టుకి ఒక ప్రమాణపత్రమే రాసింది, అట్టు వెడల్పు 38 నుంచి 45 సెంటీమీటర్లు ఉండాలని. పెసరట్టులో ఉప్మా పెట్టి దానికి ఎమ్మెల్యే అని పేరు పెట్టిన మనకి ఆ పట్టింపు వింతే.

లోటల్లా అల్లప్పచ్చడి. ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలో అడుగున కొంచెం మిగిలితే ఆ రోజు పట్టుకెళ్లాను. బండివాడు వేలితో రుచి చూసి “తియ్యగా ఉందే” అన్నాడు. రెండు సెకన్లాగి దగ్గు మొదలైంది. నా అట్టుకి డబ్బులు తీసుకోలేదు. ఆ పూట టిఫినుకి నాకైన ఖర్చు ఇంటి గుడ్డొక్కటే.

ఇంకో సంగతి. ఆ బండాయనకి డెబ్బై దగ్గర ఉంటాయి, నాకు నలభై మూడు. నన్ను పిలిచేది ‘జియెజియె’ అని, అంటే అక్కా అని. బస్సు కండక్టరు, కూరలమ్మి, బ్యాంకులో కుర్రాడు, అందరికీ ఆడమనిషి కనపడితే అక్కే. బీజింగ్ వాళ్లు దీన్ని చెప్పుకుని నవ్వుతారు. మన బజార్లో ముసలాయన కాలేజీ పిల్లని ‘అమ్మా’ అనడం తెలిసినదాన్ని కాబట్టి నాకు రెండో రోజుకే అలవాటైపోయింది.

జులై 6: పార్కులో

పొద్దున్న ఆరున్నరకే ముప్పై డిగ్రీల వేడి. పార్కు గేటు దాటగానే ఒకేసారి నాలుగు పాటలు చెవిన పడతాయి. ఒక పక్క స్పీకరు పెట్టుకుని డాన్సు చేసే ఆడవాళ్లు, ఒక పక్క కోరస్, ఒక చెట్టు కింద రెండు తీగల ఫిడేలు, దాని వెనకాల ఎవరో గొంతు చించుకుని ఒపేరా. ఎవరి శ్రుతి వాళ్లది. పక్కవాడి చప్పుడు గురించి పట్టించుకున్నవాడు ఒక్కడూ కనపడలేదు. ఒపేరా పాడే ఆయనకి గొంతు లేదు. నేనేదో మర్యాదకి ఆగి విన్నాను గానీ, ఆయన నా వైపు చూడనైనా చూడలేదు.

చెరువుగట్టు మీద రాతిపలకలు పరిచిన చోట ఒక తాతగారు నీళ్లతో నేల మీద రాస్తున్నారు. దీన్ని ‘దీషూ’ అంటారు, నేలరాత. ఆయన కుంచె నడుమెత్తు ఉంటుంది. కింద స్పాంజిని కోన్ ఆకారంలో కోసి పెట్టారు. పిడి ప్లాస్టిక్ పైపు, పైన తలకిందులుగా బిగించిన కూల్‌డ్రింకు సీసా, అందులోంచి నీళ్లు పైపులోకి, పైపులోంచి స్పాంజిలోకి. సొంత తయారీ. ఒక రాతిపలకకి ఒక అక్షరం. రాసేది టాంగ్ రాజవంశం కాలం నాటి పాత పద్యమట, మన పిల్లలకి వేమన పద్యంలాగా అక్కడి పిల్లలకి కంఠస్థం వచ్చే రకం. గీత మొదలయ్యే చోట స్పాంజి నొక్కి, లాగుతూ తేలిక చేసి, చివర మళ్లీ నొక్కి పైకెత్తుతారు. అలా ఎత్తిన చోట తడి మొన తేలుతుంది. ఆయన నాలుగో వరుసలో ఉండగా మొదటి వరుస ఆరిపోతోంది.

నాకు అన్నిటికన్నా వింతగా తోచింది ఇంకొకటి. దారిన పోయే ఒకాయన ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూసి, “ఆ మూడోది బాలేదు” అన్నాడు. తాతగారు కుంచె ఆయన చేతికిచ్చారు. ఆయన అదే అక్షరం పక్క పలక మీద రాశాడు. ఇద్దరూ రెండూ పోల్చి చూశారు. తాతగారు తలూపి తనది మళ్లీ రాశారు. వచ్చినాయన వెళ్లిపోయాడు. వాళ్లకి ముందు పరిచయం లేదట. ఇరవై ఏళ్లుగా ఎర్రపెన్నుతో తప్పులు దిద్దుతున్నాను, ఇంత శాంతంగా దిద్దించుకున్నవాణ్ని ఎప్పుడూ చూడలేదు.

నేను చూస్తూనే ఉన్నానని కుంచె నా ముందుకి చాపారు. “మీ అక్షరాలు రాయి” అని సైగ. పొద్దున్నించీ ఏమీ తినలేదు, బుర్రలోకి వచ్చిన మాట ‘పెసరట్టు’. రాశాను. చెయ్యి వణికి ‘పె’ గుమ్మడికాయంత అయింది, ‘స’ రెండు పలకలు తింది. ‘ట్టు’ దగ్గరికొచ్చేసరికి ఎండకి మొదటి అక్షరం ఎగిరిపోయింది. ‘సరట్టు’ మిగిలింది.

తాతగారు వంగి చూశారు. “ఇది రాయడం కాదు, బొమ్మ వెయ్యడం” అని ఫోన్‌లోని అనువాదం చెప్పింది. మళ్లీ రాయమన్నారు. ఈసారి నా చెయ్యి ఏ వైపు తిరుగుతుందో చూస్తూ నుంచున్నారు. తర్వాత తనే ‘ర’ రాశారు. ముందు తలకట్టు పెట్టి, దాని కింద సున్నా చుట్టారు! వాళ్ల లిపిలో పైభాగం ముందు, కిందిది తర్వాత. అది చిన్నప్పటి నుంచి చేతికి పట్టిన అలవాటు. పైగా వాళ్లకి గుండ్రటి గీతే లేదు కాబట్టి సున్నాని ఒక్క లాగులో చుట్టలేకపోయారు. ఎడమ సగం ఒకసారి, కుడి సగం ఇంకోసారి. “తలకట్టు తర్వాత” అని చెప్పబోతూ ఆగాను. ఎందుకు తర్వాత అని అడిగితే? ఒకటో తరగతి పలక మీద దిద్దినప్పటి నుంచీ అలా రాస్తున్నానంతే, ఎన్నడూ ఆలోచించలేదు. అడగనే అడిగారు. “మా టీచరుగారు అలా నేర్పారు” అన్నాను. ఆ జవాబు ఆయనకి పూర్తిగా నచ్చింది.

ఫోన్‌లో మా అమ్మ పెట్టిన ముగ్గు ఫొటో చూపించాను. అదేం అక్షరం అన్నారు. అక్షరం కాదు, రోజూ పొద్దున్నే వాకిట్లో వేస్తారు, మధ్యాహ్నానికి తొక్కుళ్లకి చెరిగిపోతుంది అని చెప్పాను. “మరి రోజూ ఎందుకు?” అన్నారు, సీసాలో నీళ్లు నింపుకుంటూ.

ఆయన లేతు మిషను మీద పనిచేసి రిటైరైన మనిషి. అక్కడ చాలాకాలం ఫ్యాక్టరీ ఆడవాళ్లకి 50, ఆఫీసు ఉద్యోగినులకి 55, మగవాళ్లకి 60 ఏళ్లకే రిటైర్మెంటు. 2025 జనవరి నుంచి పదిహేనేళ్లలో మెల్లగా 55, 58, 63 దాకా పెంచుతున్నారు. పార్కుల్లో పొద్దున్న పూట ఆ జనమెవరో, ఎక్కడి నుంచి వచ్చారో ఈ లెక్క చెప్తుంది. మధ్యాహ్నం నాలుగయ్యేసరికి అందరూ మాయం. మనవల్ని బడి నుంచి తీసుకురావాలి.

జులై 7: మట్టి అన్నయ్య, బుట్టలో అరుపు

పాత సంస్కృతి వీధి అని పేరు పెట్టిన బజారుకి వెళ్లాను. టూరిస్టు వీధి, శిల్పారామంలాంటిది, ధరలూ అలాంటివే. పది నిమిషాల్లో విసుగొచ్చింది. మధ్యలో సముద్రదేవత మాజు గుడి మాత్రం 1326లో కట్టింది. అక్కడ విన్న సంగతి రాయకుండా ఉండలేను.

పూర్వం పిల్లల్లేనివాళ్లు ఈ గుడి నుంచి ఒక మట్టిబొమ్మని ఎవరూ చూడకుండా ఇంటికి తీసుకెళ్లేవాళ్లట. మనవాళ్లు గుడి చెట్టుకి ఊయల కట్టినట్టే. కానీ వాళ్లు అక్కడితో ఆగలేదు. బిడ్డ పుట్టాక ఆ బొమ్మ ఆ ఇంటికి పెద్దకొడుకు. పుట్టినవాడు రెండోవాడి కిందే లెక్క. బొమ్మని అన్నయ్య అనాలి. ఏటా బొమ్మలవాడి దగ్గరికి తీసుకెళ్లి మట్టి మార్పించేవాళ్లు, వయసు పెరగాలి కదా. తమ్ముడికి గడ్డమొస్తే అన్నయ్యకీ గడ్డం పెట్టించాలి.

మట్టిబొమ్మలకి ఆ ఊళ్లో జాంగ్ వంశం పేరు. మొదటివాడు జాంగ్ మింగ్‌షాన్, 1826లో పుట్టాడు. నాటకం చూస్తూ చొక్కా చేతిలోపలే మట్టి పిసికి, ఆట అయ్యేలోపు నటుడి మొహం దింపేసేవాడని చెప్పుకుంటారు. ఆ దుకాణంలో చిటికెడంత జాలరి బొమ్మ ధర చూసి, ఉన్నచోటే పెట్టేసి బయటికొచ్చాను.

వంతెన దగ్గర సైకిలు మీద ఒక పల్లెటూరాయన. సైకిలు కనపడటంలేదు, బుట్టలే. నిమ్మకాయకన్నా కొంచెం పెద్దవి, జొన్న ఈనెలతో అల్లినవి, వందకి పైగా. ఒక్కో దాంట్లో ఒక ఆకుపచ్చ మిడతలాంటి పురుగు. అన్నీ కలిసి అరుస్తుంటే చెవులు గింగుర్లెత్తాయి. ‘గ్వోగ్వో’ అంటారు. అరిచేది మగదే, రెక్కలు ఒకదానికొకటి రాస్తుంది. వేసవిలో కొనుక్కుని కిటికీకి కట్టుకుంటారు. పదిహేను యువాన్లు చెప్పాడు, పన్నెండుకి ఇచ్చాడు. పచ్చి సోయా గింజ, క్యారెట్ ముక్క పెట్టాలిట. వారంలో ఊరు వదిలి వెళ్లేదానికి పురుగెందుకని ఇంటికొచ్చాక తట్టింది. రాత్రంతా అరిచింది. రెండింటికి లేచి దాన్ని వంటింట్లో పెట్టి తలుపేసుకున్నాను.

జులై 8: యాంగ్‌ల్యూచింగ్, రోడ్డుకి అటుపక్క

యాంగ్‌ల్యూచింగ్ అంటే ఆకుపచ్చ విల్లోచెట్లు. తియాన్‌జిన్‌కి పడమటి పక్క, కొత్త సంవత్సరానికి తలుపులకీ గోడలకీ అంటించే రంగుల బొమ్మల ఊరు. మెట్రో దిగి సరైన నంబరు బస్సే ఎక్కాను. కాకపోతే రోడ్డుకి అటుపక్క ఎక్కాలి, ఇటుపక్క ఎక్కాను. నలభై నిమిషాలయ్యాక కిటికీలోంచి గోదాములు, లారీలు. దిగాను. అప్పుడే ఫోన్ చచ్చింది.

చైనాలో ఫోన్ చస్తే మనిషి సగం చచ్చినట్టే. బస్సు టిక్కెట్టు, నీళ్ల సీసా, అన్నీ ఫోన్‌తోనే స్కాన్ చెయ్యాలి. ఎదురుగా ఒక నూడుల్స్ కొట్లో అద్దెకిచ్చే పవర్‌బ్యాంకుల పెట్టె ఉంది. అది అద్దెకి తీసుకోవాలన్నా ఫోన్‌తోనే స్కాన్ చెయ్యాలి! పెట్టె ముందు నుంచుని నాలో నేను నవ్వుకుంటుంటే కొట్టు అమ్మాయి వచ్చి తన ఫోన్‌తో తీసిచ్చింది. ఛార్జింగ్ అయ్యేదాకా కూర్చోబెట్టి, దోసకాయ ముక్కలు వేసిన చల్లటి నూడుల్స్ పెట్టింది. పద్నాలుగు యువాన్లు. పవర్‌బ్యాంకు అద్దె ఇస్తానంటే “అక్కా, పో” అంది.

ఊరు చేరేసరికి మధ్యాహ్నం రెండైంది. బొమ్మల పని చేసే ఇల్లు ఒకటి చూశాను. పని అయిదు అంచెలు: గీత గియ్యడం, చెక్క చెక్కడం, అచ్చు వెయ్యడం, చేత్తో రంగులు దిద్దడం, వెనక కాగితం అంటించి బిగించడం. చెక్క అడవి బేరిది. మా పెదనాన్న పెడనలో కలంకారీ అద్దకం బల్ల దగ్గర పనిచేసేవాడు. సెలవులకి వెళ్తే టేకు అచ్చుల మధ్యే ఆడుకునేవాళ్లం. అందుకని చెక్క చూడగానే చెయ్యి ఊరుకోలేదు, ముప్పై యువాన్లిచ్చి నేనూ ఒకటి వేస్తానన్నాను. తీరా చూస్తే పని తలకిందులు. పెడనలో గుడ్డ బల్ల మీద పరిచి ఉంటుంది, అచ్చు వచ్చి దాని మీద పడుతుంది, పైనుంచి పిడికిలితో ఒక్క గుద్దు. ఇక్కడ అచ్చు మొహం పైకి పెట్టి పడుకుని ఉంటుంది. దానికి సిరా పూసి, కాగితం తెచ్చి దాని మీద వేసి, తాటినారలాంటి పీచుతో చేసిన బద్దతో వీపు రుద్దినట్టు రుద్దాలి. అలవాటు కొద్దీ నేను గట్టిగా నొక్కాను. కాగితం జరిగింది. బొమ్మలోని పిల్లాడికి రెండు చుబుకాలొచ్చాయి. “కవలలు” అంది రంగులు వేసే ఆవిడ, తలెత్తకుండానే.

ఆవిడ పని చూడటానికే గంట పట్టింది. కుడిచేతిలో రెండు కుంచెలు. బొటనవేలు, చూపుడువేలి మధ్య ఒకటి, ఉంగరపువేలి పక్కన ఇంకొకటి. ఒకదానికి గులాబీ రంగు, రెండోదానికి వట్టి నీళ్లు. పిల్లాడి బుగ్గ మీద రంగు చుక్క పెట్టి, అది ఆరేలోపు చేతిలోనే కుంచె మార్చి, నీటికుంచెతో అంచు కరిగిస్తుంది. బుగ్గ లోపలి నుంచి ఎరుపెక్కినట్టవుతుంది. మార్చేటప్పుడు చెయ్యి ఆగడం కనపడదు. ఎన్నేళ్లు పట్టిందంటే “కుంచె జారకుండా ఉండటానికి ఏడాది, బుగ్గకి మూడేళ్లు” అంది. చాలా ఊళ్లల్లో రంగులు కూడా అచ్చులతోనే వేస్తారు, ఇక్కడ మొహం మాత్రం చేత్తోనే దిద్దుతారు.

పిల్లాడి చేతుల్లో పెద్ద చేప, పక్కన తామరపువ్వు. చేపని వాళ్లు ‘యూ’ అంటారు, మిగులుకీ అదే ఉచ్చారణ. తామర ‘లియెన్’, వరసగా అనడానికీ అదే. ఏటేటా ఇంట్లో మిగులు ఉండాలని బొమ్మతో శ్లేష. నా కవలల బొమ్మ చుట్టి తెచ్చుకున్నాను. ఇప్పుడు మా ముందుగదిలో ఉంది.

జులై 9: బీజింగ్, ఒక పూట

బీజింగ్ 120 కిలోమీటర్లు, రైల్లో అరగంట. బందరు నుంచి బెజవాడ వెళ్లేలోపు రెండుసార్లు వెళ్లి రావచ్చు. స్వర్గదేవాలయం పార్కులోకి టిక్కెట్టు పదిహేను యువాన్లు. అందరూ గుండ్రటి గుడి వైపు పోతుంటే నేను పొడుగాటి వసారా దగ్గర దిగబడ్డాను. డెబ్బై రెండు గదులంత పొడుగున్న ఆ వసారా నిండా జనం. పేకాట, అల్లికలు, ఈకల బంతిని కాలితో ఎగరేసే ఆట. అరవై దాటిన ఒకావిడ ఆ బంతిని వెనక్కి మడమతో కొట్టి, తిరిగి చూడకుండా నాకు పాసిచ్చింది. నేను తన్నితే చెప్పు పోయి పేకాటలో పడింది. ఆట ఆగలేదు, చెప్పు తిరిగొచ్చింది.

కొంచెం అవతల పెళ్లిళ్ల సంత. తల్లిదండ్రులు కాగితాల మీద పిల్లల వయసు, ఎత్తు, జీతం, ఫ్లాటు ఉందో లేదో రాసి ముందు పెట్టుకుని కూర్చుంటారు. చాలామంది పిల్లలకి తమ కాగితం అక్కడుందని తెలియదుట. ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, కూతురుందా అంది. ఉంది, పదిహేడు అన్నాను. ఎత్తెంత అంది. మన పేరంటాల్లో కూడా రెండో ప్రశ్న చదువు గురించి ఉంటుంది కదా అనుకున్నాను.

రాత్రికి అక్కడే ఉందామని ఒక చిన్న లాడ్జికి వెళ్తే, పాస్‌పోర్టు చూసి విదేశీయుల్ని తీసుకోమన్నారు. ఫోన్‌లో డబ్బు కట్టేశాక ఆ మాట! రాత్రి తొమ్మిది, చేతిలో బ్యాగు, కాసేపు టెన్షన్. తర్వాత గుర్తొచ్చింది, ఇల్లు అరగంట దూరమే కదా. పదిన్నరకల్లా మా వంటింట్లో గ్వోగ్వోకి క్యారెట్ ముక్క పెడుతున్నాను.

జులై 10: వాన, చేపలు

పొద్దున్నించీ వాన. పక్కింటావిడ తలుపు కొట్టి భోజనానికి రమ్మంది. గుండ్రటి బాణలిలో చిన్న చేపలు ఉడుకుతుంటే, అదే బాణలి అంచులకి మొక్కజొన్నపిండి రొట్టెలు అంటించి మూత పెట్టింది. రొట్టె బాణలికి అంటుకున్న వైపు మాడి కరకరలాడుతుంది, కింది అంచు పులుసు పీలుస్తుంది. సముద్రపు చేప కాదని నొచ్చుకుంది. మే 1 నుంచి సెప్టెంబరు 1 దాకా బొహాయ్ సముద్రంలో వేట నిషేధం. మాకూ ఉంది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అని చెప్తే, “రెండు నెలలేనా, అదృష్టవంతులు” అంది. వాళ్ల ఊళ్లో ఒక సామెత ఉంది: తాకట్టు పెట్టి సముద్రపు చేప తిన్నా సంసారం చేతకానివాళ్లు అనరు. గోదావరి వాళ్లు పుస్తెలమ్మైనా పులస తినాలంటారని చెప్పాను. పుస్తెలంటే ఏమిటో ఫోను సరిగ్గా చెప్పలేకపోయింది. మెడ వైపు చూపించాను. ఆవిడ మొహంలో గౌరవం కనపడింది, నా మీద కాదు, పులస మీద.

తిన్నాక సోఫా వెనక నుంచి ఒక గుడ్డ చుట్ట తీసి పరిచింది. క్రాస్‌స్టిచ్. ఆరు మీటర్ల పైచిలుకు, నది, వంతెన, పడవలు, వందల మనుషులు. ఎనిమిదేళ్లుగా కుడుతోంది, వంతెన దాకా వచ్చింది. ఎప్పటికి పూర్తవుతుందంటే, పూర్తయితే ఎక్కడ పెట్టను, గోడ అంత లేదు కదా అంది.

ఆవిడ మనవరాలు నా స్టూడెంటే, ‘నిద్ర’ అని రాసిన పదకొండు మందిలో ఒకతి. తన గదిలోకి పిలిచి ఒక ప్లాస్టిక్ పెట్టె చూపించింది. అరల నిండా రంగురంగుల చిన్న పూసలు, మెంతిగింజలంత. పట్టకారుతో ఒక్కొక్కటీ పలక మీద గుచ్చి, పైన కాగితం వేసి ఇస్త్రీపెట్టె పెడితే అతుక్కుని బొమ్మవుతుంది. అక్కడి పిల్లల్లో ఇప్పుడిదో పిచ్చి. క్లాసులో గ్రాఫు గియ్యమంటే గడి తప్పే పిల్ల, ఇక్కడ మూడువేల గడుల్లో ఒక్కటీ తప్పలేదు.

“ఇదెప్పుడు చేస్తావు?”

“పదకొండు తర్వాత, మిస్.”

“మరి నీ హాబీ నిద్ర కదా?”

“అది ఆదివారాలు.”

జులై 11: నది

సాయంత్రం హై నది గట్టు. ఊళ్లోని ముసలాళ్లు వంతెన మీద నుంచి నదిలోకి మొగ్గలేస్తూ దూకే వీడియోలు 2023లో దేశమంతా తిరిగాయి. చూసే జనం మరీ ఎక్కువై ఆ సెప్టెంబరులో వాళ్లే దూకడం మానేస్తున్నామని ప్రకటించారు. ఆ రోజు దూకినవాళ్లు లేరు, ఈదేవాళ్లున్నారు. నడుముకి నారింజరంగు బుడగ కట్టుకుని, తల మాత్రం పైకి పెట్టి, వీధరుగు మీద కూర్చున్నట్టు కబుర్లాడుకుంటూ ఈదుతున్నారు. ఒకాయన గట్టు మీద నన్ను చూసి “అక్కా, దిగు” అన్నాడు. ఈత రాదన్నాను. “బందరు సముద్రం పక్కనే కదా” అని ఆయన అనలేదు గానీ, నాకు వినపడింది.

జులై 12: అప్పగింతలు

ఫ్లైటుకి ముందు పార్కుకి వెళ్లి తాతగారికి చెప్పి వద్దామనుకున్నాను. రాత్రి కురిసిన వానకి చెరువుగట్టు అంతా తడిసి నల్లగా ఉంది. తడినేల మీద నీళ్లతో ఏం రాస్తారు? ఎవరూ లేరు. ఒపేరా ఆయన మాత్రం గొడుగు కింద నుంచుని పాడుతున్నాడు.

గ్వోగ్వో బుట్టని పక్కింటావిడకిచ్చాను. రాత్రిళ్లు అరుస్తుందని ముందే చెప్పాను. “మా ఆయన గురకముందు ఇదెంత” అంది.

నిన్న ఆవిడ దగ్గర్నించి వాయిస్ మెసేజ్ వచ్చింది, నలభై సెకన్లు. మాటలేమీ లేవు. గ్వోగ్వో అరుపు, వెనకాల గిన్నెల చప్పుడు, దూరంగా ఎవరో దగ్గడం. అమ్మ వాకిట్లో ముగ్గుడబ్బా మూత పెడుతూ తలెత్తి, “ఎవరింట్లోనే ఆ కుట్టుమిషను, పొద్దున్నే?” అంది.